పెరగనివ్వని చేపలు

చేప ఎంత తొట్టిలో ఉంటే అంతే పెరుగుతుందని మనందరం ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటాం. అక్వేరియం షాపుల్లో ఈ మాట మరీ ఎక్కువ. ఇది సగమే నిజం. చేప గోడల్ని చూసి ఆగిపోదు. ఇరుకు నీళ్ళలో దాని విసర్జనే అమ్మోనియాగా పేరుకుంటుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, తిండికి పోటీ పెరుగుతుంది. దాంతో గిడసబారిపోతుంది. ఆంధ్రా చేపల రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. బొచ్చె, శీలావతి పిల్లల్ని ఏడాది పాటు కావాలనే ఇరుకుగా, అరకొర తిండితో ఉంచి, తర్వాత పెద్ద చెరువులో వదులుతారు. అప్పుడవి ఆకలంతా తీర్చుకుంటున్నట్టు గబగబా పెరుగుతాయి. పైగా మనకు ఎత్తు ఆగిపోయినట్టు చాలా చేపలకు ఒక వయసులో ఆగిపోవడం అంటూ లేదు. వేగం తగ్గుతుందంతే.

అందుకే, వేటాడి తినే పెద్ద చేపలు మన చేతుల్లో ఎంత పెరిగాయన్న చరిత్ర వెతికితే, వాటిని మనం ఎక్కడెక్కడ ఆపామన్న చరిత్రే ఎక్కువగా దొరుకుతుంది.

మాది వీరులపాడు వైపు, ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట. కట్టలేరు, వైరా, మున్నేరు మా ఏళ్ళు. ఇక్కడ పెద్ద చేప అంటే వాలుగ, కొర్రమీను. పారే నీళ్ళలో వాలుగ రెండు మీటర్ల దాకా పెరగగలదు, నోరు కళ్ళు దాటి వెనక్కి చీలి ఉంటుంది. కొర్రమీను మీటరు దాకా వస్తుంది. గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి చెరువు ఎండితే బురదలో దాక్కుని బతుకుతుంది. అరవై కిలోల దాకా తూగగల పండుగప్ప మాత్రం డెల్టా వాళ్ళ చేప. అది ఉప్పునీటి మొగల దగ్గర పుట్టి, పిల్లగా ఏరెక్కుతుంది. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట లాంటివి ఇటువంటి చేపల దారికి అడ్డం.

1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి పీయూష గ్రంథి రసం ఇంజెక్షనుతో కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ ఆ రోజునే జాతీయ చేపల రైతుల దినం చేస్తున్నారు. 1971లో కార్పు జాతులన్నిటినీ ఒకే చెరువులో కలిపి పెంచే పథకం దేశమంతా మొదలైంది. మన చెరువుల రూపు మార్చింది ఈ రెండే. అయితే ఆ పాఠంలో మొదటి పేజీ చంపడం గురించి. పిల్ల వదిలే ముందు చెరువులో వాలుగ, కొర్రమీను, జెల్ల మిగలకూడదు. అందుకు హెక్టారుకు 2,500 కిలోల ఇప్ప పిండి. అందులోని సాపోనిన్ చేపల ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. చచ్చిన చేపను తినొచ్చు, విషం విరిగాక ఆ పిండే చెరువుకు ఎరువవుతుంది. ఖర్చు లెక్కలో ఇంత తెలివైన విషం మరోటి లేదనిపిస్తుంది నాకు. ఎన్ని తరాల వాలుగలు చూసిన చెరువైనా సరే, కాగితం మీద అవి ‘కలుపు చేపలు’ అయిపోయాయి.

ఆ కలుపే తర్వాత పంటగా తిరిగొచ్చింది. ముందు దొంగదారిన. 1990లలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ బంగ్లాదేశ్ మీదుగా దేశంలోకి వచ్చింది. సొంత నేలలో అది మీటరున్నర దాటుతుంది, అరవై కిలోలు తూగుతుంది. మన గుంతల్లో కోళ్ళ వ్యర్థాలు తిని, ఆరేడు నెలలకే కిలో అయి బండెక్కుతుంది. కేంద్రం 2000లో నిషేధించినా రహస్యపు చెరువులు ఆగలేదు, అధికారులు గండి కొట్టించి పూడ్పించడమూ ఆగలేదు. భయం దాని కిలో సైజుతో కాదు, తప్పించుకున్నాక వచ్చే సైజుతో. 2018 వరదల తర్వాత కేరళలో అమెజాన్ చేప అరపైమా నదుల్లో కనిపించింది, ఎవరో ముచ్చటపడి పెంచుకున్నదే. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ దొరికింది. అదే ఏడు జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ హైవే మునిగింది. 2024 సెప్టెంబరులో మళ్ళీ పొంగింది. అలాంటి నీళ్ళకు చెరువు గట్టు ఓ లెక్కా?

కొర్రమీను కథ వేరు. తెలంగాణకు అది రాష్ట్ర చేప. మృగశిర కార్తెకి నాంపల్లిలో ఉబ్బసం వాళ్ళు ప్రాణంతో మింగేది దాని పిల్లనే. దొరికిందల్లా మింగే చేపకి ఇదేం రాతో!

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది మాత్రం పండుగప్ప. థాయ్‌లాండ్ వాళ్ళు 1970లలోనే దాని పిల్లల్ని తీశారు. మన దగ్గర 1997లో చెన్నైలోని సీబా, అంటే ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర సంస్థ, సాధించింది. ఈ చేప మగగా మొదలై, మూడు నాలుగేళ్ళు బతికి నాలుగైదు కిలోలు దాటాక ఆడగా మారుతుంది. చెరువులో దాన్ని పట్టేది కిలో, రెండు, మహా అయితే మూడు కిలోలకి. ఎందుకంటే ప్లేటులో పట్టే సైజు అది, ఆ తర్వాత పెట్టిన మేతకి తగ్గ బరువు రాదు. అంటే మనం పులుసు పెట్టుకునే పెంపకపు పండుగప్ప దాదాపు ఎప్పుడూ మగదే. దాని జీవితంలో రెండో సగం మన లెక్కల్లో నష్టం పద్దు కింద పోయింది.

ఆ రెండో సగం దక్కేది హేచరీ తల్లులకే. ఏళ్ళ తరబడి వాటిని మేపుతారు, సన్నటి గొట్టంతో గుడ్డు చూసి ఆడో మగో తేలుస్తారు, హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తారు. లక్షల్లో పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపే పిల్లలవుతాయి. కొన్ని వారాలకే ఆ పిల్లలు ఒకదాన్నొకటి తినడం మొదలెడతాయి. తన పొడవులో మూడింట రెండొంతులున్న తోబుట్టువుని కూడా మింగేయగలదు ఒక్కో పిల్ల. అందుకని కూలీలు రోజుల తేడాతో వాటిని సైజుల వారీగా ఏరి, పెద్దవి ఒక తొట్టిలో, చిన్నవి ఒక తొట్టిలో వేస్తూనే ఉండాలి.