తూకానికి చిక్కని నీరు

మనిషిని తూచడం పాలకులకు పాత అలవాటు. తూగినదేమిటని అడగడం మాత్రం ఆలస్యంగా మొదలయింది. స్థూలకాయాన్ని కొలిచే శాస్త్రం గురించి రాస్తూ కరువుతో ప్రారంభిస్తున్నానంటే పాఠకులకు వింతగా తోచవచ్చు. కాని తూనిక రెండుచోట్లా ఒకేవిధంగా మోసగిస్తుంది. నీటిని, కండను, కొవ్వును అది వేరుచెయ్యలేదు.

1877లో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోతుండగా, కరువు పనుల కూలికి రోజుకొక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునన్నాడు రిచర్డ్ టెంపుల్ దొర. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ప్రతిఘటించాడు. మే నెలకు కొలత కొంత పెరిగింది. ఆకలికి కండ కరిగిన దేహంలో నీరు చేరుతుంది, పాదాలు ఉబ్బుతాయి. అట్టివాణ్ణి త్రాసులో నిలబెడితే, పోయిన కండను చేరిన నీరు కప్పిపెడుతుంది. అమెరికాలో 1944-45లో 36 మంది యువకులను, వారి సమ్మతితోనే, అర్ధాకలిలో ఉంచి ఆన్సెల్ కీస్ గమనించినదీ ఇదే. బెల్జియం పండితుడు క్వెట్లే 1830లలో కట్టిన బరువు-ఎత్తుల లెక్కకు 1972లో 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరుపెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడూ ఆయనే కావడం విచిత్రం!

నీటిని విడిగా కొలిచే దారి 1934లో దొరికింది. హెవెసీ, హోఫర్ అనే శాస్త్రజ్ఞులు కొంచెం భారజలం తాగించి, అది ఒంట్లో ఎంత పలచబడిందో చూసి మొత్తం నీటిని లెక్కగట్టారు. కొవ్వు మినహా మిగిలిన దేహంలో నీరు సుమారు 73 శాతమని 1945లో పేస్, రాత్‌బన్ తేల్చారు. నీరు తెలిస్తే కండ, ఎముక వగైరా తెలుస్తాయి, మిగిలినది కొవ్వు. చిక్కంతా ఇక్కడే ఉంది. స్థూలకాయుల్లో కణాల వెలుపలి నీటి పాలు పెరుగుతుంది గనుక ఆ 73 వారికి సరిగా అతకదు. అదనపు నీరు కండ ఖాతాలో జమపడి, కొవ్వు తక్కువగా కనిపిస్తుంది. పాదాల గుండా స్వల్ప విద్యుత్తు పంపి కొవ్వు శాతం చెప్పే యంత్రాలు కూడా నిజానికి నీటినే అంచనా కడతాయి. వాటి చీటీలు మా నర్సీపట్నం విద్యార్థులు తెచ్చి చూపిస్తుంటారు. ఏ దేశపు జనాన్ని కొలిచి ఆ సూత్రం కట్టారో చీటీ చెప్పదు.

ఇది చిన్న ప్రశ్న కాదు. పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ దేహాలనే పోల్చి చూపారు. ఇద్దరి సూచిక 22.3, కొవ్వు మాత్రం మనవాడికి 21 శాతం, ఆయనకు 9. మన దేశపు నిపుణులు 2009లో అధిక బరువుకు 23, స్థూలకాయానికి 25 హద్దులుగా పెట్టారు. 1918లో కూనూరులో మెకారిసన్ చేపట్టిన పరిశోధన నుంచి పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార సంస్థ కూడా ఈ పని చేసింది. 1987-90లో హైదరాబాదు దగ్గరి 29 గ్రామాలలో సగానికి గర్భిణులకు, పిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పిల్లలను 2003-05లో పరీక్షిస్తే, రెండు తెగల గ్రామాలకూ కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా లేదు. తిండి అందినవారిలో ఇన్సులిన్ మరింత బాగా పనిచేస్తూంది.

మన అభ్యుదయ రచనలోనూ ఒక తూనిక ఉంది. బొజ్జ ఉన్నవాడు దోపిడీదారు, డొక్క ఎండినవాడు శ్రామికుడు. ఈ వ్యంగ్యచిత్రానికి కాలం చెల్లిందని నా అభిప్రాయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అధిక బరువు గలవారు 36 శాతం. రక్తహీనులు సుమారు 59 శాతం. రెండు గుంపులూ వేరువేరు మనుషులో కాదో ఆ అంకెలు కలిపి చూసినంత మాత్రాన తేలదు. అంత పెద్ద సర్వే కూడా బరువు, ఎత్తు, నడుము చుట్టుకొలతలతో ఆగింది. ఆ దేహాల్లో కొవ్వెంతో, నీరెంతో కొలవలేదు.