కదలిన యిల్లు



“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలనిరి. కట్టిన యింటిని విప్పి వేఱొకచోట నిలుపుట యెట్టిదో తెలుపుటకు నొక చరిత్ర గలదు.

ఇంగ్లండులో యార్క్‌షైరు సీమయందలి గ్రేట్ ఏటన్ గ్రామమున, సముద్రయాత్రలచే పేరొందిన జేమ్స్ కుక్ తల్లిదండ్రులు 1755లో నొక చిన్న యిల్లు కట్టుకొనిరి. 1933లో నది విక్రయమునకు వచ్చెను. ఇల్లు ఇంగ్లండు దాటరాదని నియమముండెను. పిదప ‘ఇంగ్లండు’ అను మాటకు మాఱుగా ‘సామ్రాజ్యము’ అని చేర్చిరి. స్థానికులు 300 పౌనులకు మించి పలుకలేదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరవాసి రస్సెల్ గ్రిమ్‌వేడ్ 800 పౌనులిచ్చి కొని, దానిని తన ప్రాంత ప్రజల కర్పించెను.

గోడలను విప్పి 253 పెట్టెలలోను 40 పీపాలలోను నింపి యోడ కెక్కించిరి. గోడ నల్లుకొనిన తీగ కొమ్మలను సైతము కోసి కొనిపోయిరి. 1934 అక్టోబరు నాటికి ఆ యిల్లు మెల్‌బోర్న్‌లోని ఫిట్జ్‌రాయ్ ఉద్యానమున నిలిచెను. నేటికిని చూడవచ్చును. పాతచోట గుర్తుగా నొక శిలాస్తంభము నాటిరి. దాని రాళ్లు ఆస్ట్రేలియానుండి వచ్చినవే.

మన పల్లెలలోను పాతయింటి ద్వారబంధమును, దూలములను క్రొత్తయింటికి దెచ్చుట కలదు. ఆ పని చేసినవా రెఱుగుదురు: విప్పకమునుపే ప్రతి కొయ్యకు గుర్తు వేయవలెను, పెంకులు కొన్ని పగులును, పాత సున్నము మరల పనికిరాదు. క్రొత్తచోట పునాది ముందుగా సిద్ధము కావలెను.

ఇట్టి పని మన కృష్ణాతీరమున పెద్దయెత్తున జరిగినది. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. మునుగనున్న లోయలో 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సాగెను. ఇక్ష్వాకుల విజయపురి కట్టడములలో కొన్నింటిని నాగార్జునకొండమీదను, కొన్నింటిని అనుపువద్దను మరల నిలిపిరి. ఆ కొండ యిప్పుడు జలాశయము నడుమ ద్వీపము. లోయలో కాపురమున్న పల్లెవారును ఊళ్లు విడిచి పోవలసివచ్చెను. వారి యిండ్లను రాయి రాయిగా విప్పి నిలిపినవారు లేరు.

గ్రామపెద్దలారా! ఊరు కదలవలసిన దినము వచ్చినచో, గోడలతో పాటు మఱికొన్నింటికిని గుర్తులు వేయుడు. ఎవరి యింటిప్రక్క నెవరుండిరో, ఏ బావినీరు త్రావిరో, ఏ చెట్టునీడను తగవులు తీర్చిరో కాగితముమీద నెక్కించి పిల్లల చేతికిండు. రాళ్లను పెట్టెలలో పెట్టి పంపవచ్చును. ఇరుగుపొరుగు నట్లు పంపలేము. వ్రాసి యుంచినచో జ్ఞాపకమైనను మిగులును.