మండలానికో వాతావరణ కేంద్రం: ఆ వాన లెక్కతో రైతుకు ఏం పని?

హైదరాబాద్‌లో గట్టిగా వాన పడిన రాత్రి మీ వాట్సాప్‌కు ఒక జాబితా వస్తుంది. ఫలానా చోట 9 సెంటీమీటర్లు, ఫలానా చోట 6 అని. ఆ అంకెల్లో చాలావరకు తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ (టీజీడీపీఎస్) నడిపే ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల నుంచి వచ్చేవే. నగరంలో ఉన్నవాళ్లకు ఆ అంకెతో పనల్లా ఏ దారిలో ఇంటికి వెళ్లాలో తేల్చుకోవడం. ఊళ్లో ఉన్న మీ నాన్నకో బాబాయికో మాత్రం విత్తనం వేయాలా ఆగాలా, కొన్ని పంటలకు బీమా డబ్బు వస్తుందా రాదా అన్నది కూడా అలాంటి అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

సెన్సర్లతో వ్యవసాయం అనగానే డ్రోన్లు, పొలంలో గుచ్చిన పరికరాలు గుర్తొస్తాయి. అవి కొనుక్కోగలిగేవాళ్లు తక్కువ. మన రాష్ట్రాల్లో ఎక్కువ మంది రైతుల మీద ప్రభావం చూపే సెన్సర్ వాళ్ల పొలంలో ఉండదు. నాలుగైదు కిలోమీటర్ల అవతల, ఏ ప్రభుత్వ ఆఫీసు ఆవరణలోనో కంచె వెనకాల ఉంటుంది.

ఆ కంచె లోపల ఏముంటుంది?

ఒక స్తంభం, చిన్న సోలార్ పలక, బ్యాటరీ, సిమ్ ఉన్న పెట్టె. పైన గాలి వేగం చూసే మూడు గిన్నెలు తిరుగుతుంటాయి. ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్లకు నేరుగా ఎండ తగలకుండా తెల్లటి పళ్లేల తొడుగు ఉంటుంది.

వాన కొలిచే పరికరం వీటన్నిటికంటే సులువుగా అర్థమవుతుంది. గరాటులో పడిన నీరు కింద ఉన్న రెండు చిన్న దోనెల్లో ఒకదాంట్లోకి జారుతుంది. అది నిండగానే ఒక పక్కకు వంగి ఒలికిపోతుంది, రెండోది పైకి లేచి గరాటు కిందికి వస్తుంది. పిల్లలు ఆడే ఊగుడు బల్ల లాంటిదే. పరికరాన్ని బట్టి ఒక్కో ఊపు 0.2 లేదా 0.5 మిల్లీమీటర్ల వానకు సమానం. పెట్టె ఆ ఊపుల్ని లెక్కపెట్టి, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కు పంపుతుంది.

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఎకరానికైతే సుమారు 4 వేల లీటర్లు. 25 మిల్లీమీటర్లు పడితే ఎకరం మీద లక్ష లీటర్ల నీరు పడ్డట్టు.

ఇంత సాదా యంత్రం కాబట్టే తప్పులు కూడా సాదాగానే వస్తాయి. గరాటులో ఆకు పడినా, పిట్ట రెట్ట వేసినా నీరు ఆలస్యంగా దిగుతుంది. పక్కన చెట్టు పెరిగితే వాన గరాటుదాకా రాదు. అడ్డు ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెట్టింపు దూరంలో పరికరం ఉండాలన్నది నియమం. కుండపోతలో దోనె వంగే క్షణంలో కొంత నీరు లెక్కకు రాకుండా పోతుంది కాబట్టి అంకె కాస్త తక్కువ చూపే అవకాశం ఉంది. అందుకే కొలిచిన నీటిని అప్పుడప్పుడు పోసి, ఊపులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలి. కేంద్రం పెట్టడం ఒక రోజు పని, దాన్ని చూసుకోవడం ఏళ్ల తరబడి చేయాల్సిన పని. నిధుల మాట వచ్చినప్పుడు మన దగ్గర ఈ రెండోదే వెనకబడుతుంది.

మీ పొలానికి ఎంత దూరం?

తెలంగాణ విస్తీర్ణం సుమారు 1.12 లక్షల చదరపు కిలోమీటర్లు. కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. భాగిస్తే ఒక్కో కేంద్రానికి వంద చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే అటు పది ఇటు పది కిలోమీటర్ల గళ్లు. ఉష్ణోగ్రతకు ఈ దూరం పెద్ద ఇబ్బంది కాదు, మైదానంలో పది కిలోమీటర్లకు అది అంతగా మారదు. వానకు మాత్రం ఇదే అసలు చిక్కు. మృగశిర రోజుల్లో సాయంత్రం లేచే మబ్బు ఊరి ఈ చివర తడిపి ఆ చివర దుమ్ము లేపి పోతుంది. కేంద్రం ఉన్నచోట 40 మిల్లీమీటర్లు నమోదైన రోజే మీ చెలకలో నాలుగు చినుకులు పడి ఉండొచ్చు.

పత్తి రైతుకు ఈ తేడా నేరుగా ఖర్చు. వర్షాధారంగా వేసే పత్తిని నేల బాగా తడిశాకే, సుమారు 60 మిల్లీమీటర్ల దాకా వాన పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మండలం అంకె చూసి తొందరపడితే మొలక ఎండిపోతుంది, విత్తనాల ప్యాకెట్లు మళ్లీ కొనాలి.

ఈ దూరం తగ్గించడానికే కేంద్రం 2023లో ‘విండ్స్’ కార్యక్రమం మొదలుపెట్టింది. బ్లాకు స్థాయిలో వాతావరణ కేంద్రం, పంచాయతీ స్థాయిలో ఆటోమేటిక్ వర్షమాపకం ఉండాలన్నది దాని ఉద్దేశం. 2025 జనవరి 1న కేంద్ర మంత్రివర్గం పంటల బీమాలో సాంకేతికత కోసం రూ.824.77 కోట్ల నిధికి ఆమోదం తెలిపింది. విండ్స్‌కు డబ్బు అందులోంచే.

బీమాలో ఈ అంకె పాత్ర

కేంద్ర పంటల బీమా రెండు రకాలు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో కోత ప్రయోగాలు చేసి దిగుబడి చూస్తారు. వాతావరణ ఆధారిత బీమాలో పొలం వైపు ఎవరూ రారు. నిర్ణయించిన కేంద్రంలో నమోదైన వాన, ఎండ, తేమ అంకెలే పరిహారాన్ని తేలుస్తాయి. ఉదాహరణకు, పంట ఫలానా దశలో ఉన్నప్పుడు వరుసగా ఇన్ని రోజులు 2.5 మిల్లీమీటర్ల వాన కూడా పడకపోతే ఎకరానికి ఇంత అని ముందే పట్టికలో రాసి ఉంటుంది.

ఇందులో సుఖమూ ఉంది, కష్టమూ ఉంది. ఎవరినీ బతిమాలనక్కర్లేదు, దరఖాస్తు పెట్టనక్కర్లేదు, అంకె దాటితే డబ్బు ఖాతాలో పడాలి. కానీ మీ పొలం ఎండి కేంద్రం తడిస్తే రూపాయి రాదు. దాన్ని మోసం అనలేం, పథకం కట్టిన తీరే అది. కాబట్టి ప్రీమియం కట్టేముందు మీ మండలానికి రిఫరెన్స్ కేంద్రం ఏది, అది పనిచేయకపోతే ప్రత్యామ్నాయం ఏది అని అడగండి. పరిహార పట్టిక ఫోటో తీసుకోండి. అడిగే రైతులు తక్కువ, అడగాల్సింది మాత్రం ఇదే.

రైతు వాటా ప్రీమియం రెండు పథకాల్లోనూ బీమా మొత్తంలో ఖరీఫ్‌కు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం మించదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ 2020లో ఫసల్ బీమా నుంచి బయటికొచ్చాయి, ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి చేరింది. ఏ సీజన్‌లో మీ జిల్లాలో ఏ పంటకు ఏ పథకం వర్తిస్తుందో ఆ సీజన్ నోటిఫికేషన్‌లో చూడాలి. దిగుబడి ఆధారిత పథకంలో ఉండి వడగళ్లలాంటి స్థానిక నష్టం జరిగితే 72 గంటల్లోగా చెప్పాలి. హెల్ప్‌లైన్ 14447.

నగరంలో ఉండి మీరు చేయగలిగింది

ఇంట్లోవాళ్లకు ‘మేఘదూత్’ యాప్ పెట్టివ్వండి. 2019లో వచ్చిన ఈ ప్రభుత్వ యాప్‌లో జిల్లా ఎంచుకుంటే తెలుగులోనే వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, పంటల సలహాలు వస్తాయి. మందు కొట్టే రోజు ఎంచుకోవడానికి ఇది చాలు. కొట్టిన కాసేపటికే వాన పడితే మందు, కూలి రెండూ నీళ్లపాలు.

మండలాలవారీ వాన లెక్కలు ప్రణాళిక సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: వాన లెక్కలో రోజు అంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చిన అంకెకూ, మర్నాటి పత్రికలో అంకెకూ పొంతన లేకపోతే కారణం చాలాసార్లు ఇదే.

పొలంలోనే సెన్సర్ పెట్టించాలా అని అడిగేవాళ్లకు: బోరు, డ్రిప్ ఉన్న బత్తాయి, దానిమ్మ తోటలైతే వేర్ల దగ్గర తేమ చూపే పరికరం ఆలోచించదగ్గదే. నీళ్లు ఎప్పుడు ఆపాలో అది చెబుతుంది. ఎర్రనేల త్వరగా ఆరుతుంది, రేగడి పట్టి ఉంచుతుంది కాబట్టి మీ నేలకు తగ్గట్టు దాన్ని సరిచేసి ఇస్తారో లేదో అమ్మేవాళ్లను అడగండి. రెండెకరాల వర్షాధార పత్తికి అంత ఖర్చు దండగ. గీతలున్న మామూలు వర్షమాపకం ఒకటి గట్టున నిలబెట్టి, రోజూ ఉదయం 8:30కి చూసి క్యాలెండర్‌లో రాసుకుంటే చాలు. బీమా కంపెనీ ఆ రాతను ఒప్పుకోదు. కానీ 60 మిల్లీమీటర్లు మీ చేలో పడ్డాయో, మండల కేంద్రంలో పడ్డాయో తెలుస్తుంది.