క్షతగాత్రుడి చీటీ – కాగితం నుంచి కంప్యూటరు దాకా

గాయపడిన మనిషికి వైద్యం చేయడం ఒక విద్య. ఆ మనిషి ఎవరు, ఎక్కడున్నాడు, ఇంతవరకూ అతనికి ఏం చేశారు అన్న లెక్క తప్పిపోకుండా చూడడం ఇంకో విద్య. ఈ రెండో విద్యకి యుద్ధరంగమే తొలి బడి. ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి, రిటైరయ్యాక ఈ ఉక్కునగరంలో స్థిరపడినవాడిగా ఆ చరిత్రను నాలుగు మాటల్లో మనవాళ్ళ ముందుంచాలని నా ప్రయత్నం.

నెపోలియన్ సైన్యంలో సర్జన్ లారే, హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి ముందువెనకలు నిర్ణయించాడు. 1854–55లో సెవస్తపోల్ ముట్టడి సమయంలో రష్యన్ సర్జన్ పిరొగోవ్ క్షతగాత్రులను ఐదు తరగతులుగా విడదీయించాడు. దీన్నే ట్రయాజ్ అంటున్నాం. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గాయపడిన జవానుతోపాటు ఒక చీటీ ప్రయాణం చేసేది. మార్ఫిన్ ఎప్పుడు ఇచ్చారో అందులో రాయకపోతే, తరువాతి మజిలీలో ఇంకో మోతాదు పడి ప్రాణానికే ముప్పు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల్లో విడదీసే 'స్టార్ట్' పద్ధతి 1983లో అమెరికాలో రూపుదిద్దుకుంది.

ఇక మన భిలాయి సంగతి. 1955లో సోవియట్ రష్యాతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నిప్పుతో, గ్యాసుతో పని జరిగే ఊరు కదా, ప్రమాదాలూ తప్పలేదు. 2014 జూన్ 12న గ్యాస్ లీకై ఆరుగురు పోయారు, ముప్ఫై మందికి పైగా అస్వస్థులయ్యారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల గ్యాస్ పైపులైను పేలి మొదటిరోజే తొమ్మిది మంది పోయారు, తరువాత ఆ సంఖ్య పెరిగింది. అలాంటి రోజు సెక్టార్–9 ఆసుపత్రి ముందు ఆంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి ఆగుతాయి.

కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు ఈ గ్యాసుకీ ఆక్సిజనుకీ తేడా పట్టుకోలేదు, అంకె బాగానే చూపిస్తుంది. కాబట్టి చీటీ మీద 'గ్యాస్ కేసు, ఫలానా చోట, ఫలానా టైముకి' అని ఒక్క ముక్క రాసి వుంటే అది యంత్రం కన్నా ఎక్కువ చెబుతుంది.

చాలాకాలం క్యాజువాల్టీలో రిజిస్టరూ, గోడమీది బోర్డే ఆధారం. బోర్డులో ఒక సుగుణం వుంది. డాక్టరు, నర్సు, వార్డ్‌బాయ్ అందరూ ఒక్క చూపులో మొత్తం పరిస్థితి గ్రహిస్తారు, కరెంటు పోయినా అది ఆరిపోదు. కాని తుడిచేస్తే చరిత్ర పోతుంది, పక్క వార్డుకి కనబడదు. కంప్యూటరు ప్రతి పనికీ టైము నమోదు చేస్తుంది, ల్యాబు రిపోర్టు తెచ్చి పెడుతుంది. అయితే రద్దీలో టైపు చేసే తీరిక ఎవరికుంటుంది?

ఒక ఆసుపత్రిలో (పేరు అనవసరం) నేను చూసిన సంగతి. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇద్దరు కాంట్రాక్టు కూలీలు ఒకేసారి చేరారు. ఇద్దరూ అప్పారావులే, ఇంటిపేర్లు వేరు. కౌంటరులోని కుర్రాడు ఇంటిపేరు వదిలేసి, 'అప్పా' మొదటి పేరుగా, 'రావు' చివరి పేరుగా ఎక్కించాడు. ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరి పేరు కింద చేరింది. నర్సమ్మ చేతిపట్టీ మీద పెన్నుతో రాసి పెట్టుకున్న 'కాలు విరిగినతను' అన్న మాట చూసి రక్తం సీసా ఆపింది. బతికించింది ఆ పెన్ను గీత!

అలాగని కంప్యూటరు వద్దనడం లేదు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పౌరుడికి పధ్నాలుగు అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తోంది, మంచిదే. కాని స్పృహ లేనివాడు ఆ అంకెలు చెప్పలేడు గదా! జవాను మెడలో గుర్తింపు బిళ్ళ వుండేది ఇందుకే. కూలీ మెడలో ఏముంది?

అందుకని సభ్యులకు నా మనవి. మీ జేబులో, మీ దగ్గర పనిచేసేవాళ్ళ జేబులో ఒక చీటీ పెట్టించండి. ఇంటిపేరుతో పూర్తి పేరు, రక్తం గ్రూపు, పడని మందు, ఇంటివాళ్ళ ఫోను నెంబరు. అంతే. ఖర్చు లేని పని, ప్రాణం నిలబెట్టే పని.

జై హింద్.