ప్లాస్టరు బొమ్మల అభిరుచి

విజయనగరంలో ఒక పాత వకీలుగారి ఇంటి హాలులో, పుస్తకాల బీరువా మీద, చేతులు లేని తెల్లని స్త్రీమూర్తి ఉండేది. వీనస్ అని ఇంటివారు గర్వంగా చెప్పేవారు. శ్రీముఖలింగం శిల్పాలు చూశారా అని అడిగితే, శివరాత్రికి వంశధారలో స్నానం చేసి వచ్చామన్నారు. ఇది ఒక కుటుంబం లోపం కాదు. దీనికి చరిత్ర ఉంది.

1794లో పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు హతుడయ్యాడు. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారు కంపెనీకి పేష్కషు కట్టే మధ్యవర్తిగా స్థిరపడ్డాడు. రాజ్యం పోయినా దర్జా మిగిలింది. ఆ దర్జాకు కొలబద్ద మాత్రం దొరల చేతికి పోయింది. జమీందారీ హాళ్ళలో నిలువుటద్దాలూ, షాండ్లియర్లూ, ఐరోపా బొమ్మలూ చేరాయి. ఖరీదు కట్టినవాడు రైతు. పాలరాయి కొనలేని ఉద్యోగి, వకీలు అదే అభిరుచిని ప్లాస్టరులో తెచ్చుకున్నారు.

ఈ అభిరుచికి బళ్ళు కూడా ఉండేవి. వలసపాలన నాటి ఆర్టుస్కూళ్ళలో గ్రీకు విగ్రహాల ప్లాస్టరు నకళ్ళను ఎదురుగా పెట్టి విద్యార్థుల చేత గీయించేవారు. 1896లో కలకత్తా స్కూలు అధిపతిగా వచ్చిన హావెల్ ఈ పద్ధతిని ఎదిరించాడు. ఎదిరించినవాడూ దొరే కావడం మనం కాస్త సిగ్గుపడవలసిన సంగతి.

ఇంతకూ ఆ తెలుపు గ్రీకులది కాదు. వారు తమ విగ్రహాలకు రంగులు వేసేవారు. మట్టిలో, వానలో ఆ రంగు పోయింది. పోగా మిగిలిన తెలుపునే ప్లాస్టరు ఇంటింటికీ ‘ప్రాచీన సౌందర్యం’గా చేరవేసింది.

నకలు అంటేనే ముక్కు విరిచే ఛాందసం నాకు లేదు. మైరన్ చేసిన కంచు చక్రక్షేపకుడు ఏనాడో పోయింది; లండన్ మ్యూజియంలో ఉన్నది రోమన్ల నాటి పాలరాతి నకలే. జిప్సమును సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చి, పొడి చేసి, నీటితో కలిపి అచ్చులో పోస్తే నిమిషాలలో గట్టిపడుతుంది. ఒక్కరి సొత్తును పదిమంది ముందు పెట్టగల పదార్థం అది. అచ్చు దేనికి తీయాలో నిర్ణయించింది ఎవరన్నదే అసలు ప్రశ్న.

నకలుకు మరో వాడుక కూడా ఈ ప్రాంతంలోనే కనిపిస్తుంది. తడికాగితం రాతిమీద పరిచి, కుంచెతో అక్షరాల్లోకి కొట్టి, సిరా అద్దితే శాసనానికి అచ్చు వస్తుంది. అదీ నకలే, కాని అలంకారానికి కాదు, చదవడానికి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాత లిపిని స్వయంగా నేర్చుకుని ముఖలింగంలోని గాంగుల శాసనాలు చదివారు. 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలను లోకానికి తెలియజేసినదీ ఆయనే. తార, మారీచి వంటి మూర్తులు బయటపడిన ఆ కొండ శ్రీకాకుళానికి ఎంతో దూరం లేదు.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. హాళ్ళలోని బొమ్మలకు ఏ చట్టమూ తగలలేదు. వకీలుగారి మనుమల ఇంట్లో ఆ వీనస్ ఇప్పుడు టీవీ పక్కన ఉంది. మధుకేశ్వరాలయం ద్వారబంధాల మీది లతలకు తీసిన అచ్చు మాత్రం నేను చూసిన ఏ ఇంట్లోనూ లేదు.