చట్టంలో చెల్లదు, చేలో చెల్లింది

మన పెద్దల్లో చాలామందికి ఇంగ్లీషు రాదు. అయినా యాక్టు, ఆర్డరు, స్టే, పెండింగు, వన్ ఆఫ్ సెవెంటీ అనే మాటలు వాళ్ల నోట సులువుగా పలుకుతాయి. ఈ మాటలు మన గూడేలకు బడి నేర్పినవి కావు. భూమి పోయిన దారిలోనే ఇవి వచ్చాయి.

1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీలకు ఒక చట్టం చేసింది. ఏజెంటు రాతపూర్వక అనుమతి లేకుండా కొండజాతి వారి భూమి బయటివారికి పోతే ఆ బదలాయింపు 'నల్ అండ్ వాయిడ్' అన్నది. అంటే అసలే చెల్లదని. 1959 రెగ్యులేషన్‌లోనూ అదే మాట. 1963లో అది తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు వచ్చింది. 1970 సవరణ ఇంకా గట్టిది. గిరిజనేతరులు తమలో తాము కూడా అక్కడి భూమిని అమ్ముకోకూడదు. వారి చేతిలోని భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది వారే.

ఇంత గట్టి చట్టం ఉన్నా చేలు చేతులు మారాయి. తెల్లకాగితం ఒప్పందాలు, వెనకటి తేదీలు వేసిన పత్రాలు, బినామీ పేర్లు వచ్చాయి. ఇలాంటి సందును ఇంగ్లీషులో 'లూప్‌హోల్' అంటారు. ఒకప్పుడు అది కోటగోడలో బాణం వేయడానికి వదిలిన రంధ్రం. పుస్తకంలో ఉండి ఎవరూ పాటించని చట్టాన్ని 'డెడ్ లెటర్' అంటారు. అంటే చచ్చిన అక్షరం.

అయితే అన్ని ఆజ్ఞలూ చచ్చిన అక్షరాలు కాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులు సభకు బయలుదేరారు. వారి ప్రధాన గోడు భూమే. సభ జరగకూడదన్న ఆజ్ఞ ఆ రోజే తుపాకీతో అమలైంది. 11 ఏళ్ల కిందటి భూమి చట్టం మాత్రం ఫైళ్లలోనే ఉంది. కనుక అమలు చేసే శక్తి లేదని మనం అనుకోలేం. ఎవరి కోసం అమలు చేయాలన్నదే అసలు ప్రశ్న.

చచ్చిందనుకున్న అక్షరం లేచిన సందర్భమూ ఉంది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టంలోని 'పర్సన్' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గని లీజులు చెల్లవన్నది. ఒక్క మాటకు అర్థం పట్టుకుని అడిగితేనే అది జరిగింది.

అందుకే ఉపాధ్యాయులను మనం కోరేది ఇది. ఈ మాటలను పరీక్ష కోసం కాకుండా చేను కోసం నేర్పండి. యువకులారా, ఊరి భూముల సర్వే నంబర్లు రాసుకోండి. 'రిస్టోర్' చేశామని కాగితం చెబితే, ఆ చేలో నాగలి ఎవరిదో వెళ్లి చూడండి. 'స్టే' అంటే తీర్పు కాదని, తాత్కాలికంగా ఆపడమేనని మన పెద్దలకు చెప్పండి.