అత్యవసర విభాగాల్లో రద్దీ నివారణ: చరిత్ర

జనం నోట క్యాజువాలిటీగా స్థిరపడిన ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఉన్న చోటుకు మించి రోగులు చేరడం, చేరినవారు గంటల తరబడి అక్కడే ఉండిపోవడం ఈ రద్దీ లక్షణాలు. దాన్ని తగ్గించే ప్రయత్నాలు గుమ్మం దగ్గర మొదలయ్యాయి. ఎవరిని ముందు చూడాలి, ఎవరిని వేరేచోటికి పంపాలి అన్నదే తొలి ఆలోచన. ముడి పై అంతస్తు వార్డుల్లో పడిందని వైద్యలోకం ఒప్పుకోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

తొలి ప్రయత్నాలు

తీవ్రతను బట్టి రోగులను వేరుచేయడాన్ని ట్రయాజ్ అంటారు. ఏరడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే, హోదాతో నిమిత్తం లేకుండా గాయాన్నిబట్టి సైనికులకు చికిత్స చేశాడు. ఆ పద్ధతి యుద్ధభూమి నుంచి ఊళ్లోని ఆసుపత్రికి రావడానికి నూట యాభై ఏళ్లకు పైనే పట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో డాక్టర్లు ఇంటికొచ్చి చూడటం తగ్గింది. రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికే పరుగెత్తడం అలవాటయింది. అప్పటిదాకా క్యాజువాలిటీ అంటే వంతులవారీగా ఎవరో ఒక డాక్టరు కూర్చునే గది. 1961లో వర్జీనియాలోని అలెగ్జాండ్రియా ఆసుపత్రిలో జేమ్స్ మిల్స్, మరో ముగ్గురు వైద్యులు సొంత ప్రాక్టీసు మానుకుని ఆ గదినే పూర్తికాలపు పనిగా ఎంచుకున్నారు. అమెరికాలో అత్యవసర వైద్యం 1979లో ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందింది. బ్రిటన్‌లో 1962 నాటి ప్లాట్ నివేదిక చెల్లాచెదురుగా ఉన్న చిన్న క్యాజువాలిటీలను తగ్గించి, అన్ని వసతులున్న పెద్ద విభాగాలు పెట్టమని చెప్పింది.

1990లలో ట్రయాజ్ పద్ధతులు ఒక రూపానికి వచ్చాయి. వాటిలో ఎక్కువ ప్రచారం పొందినది మాంచెస్టర్ పద్ధతి. తీవ్రతను బట్టి రోగికి ఒక రంగు, ఆ రంగును బట్టి డాక్టరు చూడాల్సిన గడువు: ఎరుపు అంటే తక్షణం, నారింజ పది నిమిషాలు, పసుపు గంట, ఆకుపచ్చ రెండు గంటలు, నీలం నాలుగు గంటలు. ప్రాణాలు నిలిపే పద్ధతే, సందేహం లేదు. అయితే అది వరసలో ఎవరు ముందో తేలుస్తుందే కాని వరసను పొట్టి చేయదు.

రాక, నడక, పోక

1980ల చివర్లో న్యూయార్క్ క్యాజువాలిటీలు కిక్కిరిసిపోయాయి. ఎయిడ్స్, మత్తుమందులు, నిలువనీడలేని జనం ఒకవైపు, తగ్గిపోయిన పడకలు మరోవైపు. డబ్బు లేదని ఎవరినీ పరీక్షించకుండా తిప్పి పంపకూడదని 1986లోనే అమెరికాలో చట్టం వచ్చింది, దానికయ్యే ఖర్చు ఎవరు భరించాలో మాత్రం చెప్పలేదు. జలుబుకూ దగ్గుకూ ఎమర్జెన్సీకి వచ్చేవారే రద్దీకి కారణమన్న మాట అప్పట్లో బాగా వినపడేది. అది పెద్ద పొరపాటు. జలుబు రోగి పది నిమిషాల్లో చీటీ పట్టుకుని వెళ్లిపోతాడు. గుండెజబ్బుతో వచ్చి, చేర్చుకోవాలని నిర్ణయమై, వార్డులో పడక దొరక్క ట్రాలీ మీదే రాత్రంతా గడిపే మనిషి కదలడు, వెనకవాళ్లనూ కదలనివ్వడు. ఆస్ట్రేలియా వైద్యులు దీనికి యాక్సెస్ బ్లాక్ అని పేరు పెట్టారు. 2003లో బ్రెంట్ ఆస్ప్లిన్ బృందం రద్దీని మూడు భాగాలుగా విడదీసి చూపింది. మన మాటల్లో రాక, లోపలి నడక, పోక. తర్వాతి పరిశోధనకు ఇదే పునాది.

పోక మీద దృష్టి పెట్టిన తొలి సాహసం న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో జరిగింది. అక్కడి వైద్యుడు పీటర్ విచెలియో ఆలోచన చాలా మామూలుది. పాతికమంది ట్రాలీలు ఎమర్జెన్సీ వరండాలోనే ఎందుకు ఉండాలి? ఒక్కో వార్డు వరండాకు ఒక్కరిని పంపితే ఏ వార్డుకూ భారం కాదు. వార్డు సిబ్బంది మొదట గొణిగారు. రోగులను అడిగితే చాలామంది వార్డు వరండాయే నయమన్నారు. బోస్టన్‌లో యూజిన్ లిట్వాక్ అనే పరిశోధకుడు మరో వింత బయటపెట్టాడు. ప్రమాదాలు, గుండెపోట్లు ఏ రోజు ఎన్ని వస్తాయో దాదాపు అంచనాకు అందుతాయి. ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్లే వారంలో కొన్ని రోజుల్లో కుప్పపడి పడకలను మింగేస్తున్నాయి. వాటిని వారమంతా సర్దితే ఎమర్జెన్సీ తేలికపడుతుంది. శస్త్రవైద్యుల సౌకర్యం ఒప్పుకున్న చోటే ఇది జరిగిందన్నది వేరే సంగతి. ఎమర్జెన్సీ నిండిందని అంబులెన్సులను వేరే ఆసుపత్రికి మళ్లించే అలవాటును మసాచుసెట్స్ రాష్ట్రం 2009లో నిషేధించింది.

నాలుగు గంటల గడువు

అన్నిటికన్నా పెద్ద ప్రయోగం ఇంగ్లండుది. 2000 జులైలో వెలువడిన ప్రభుత్వ ప్రణాళిక, వచ్చిన ప్రతి రోగినీ నాలుగు గంటల్లో చేర్చుకోవడమో, పంపించడమో చేయాలని గడువు పెట్టింది. తర్వాత లక్ష్యాన్ని 98 శాతంగా ఖరారు చేశారు. చిన్న గాయాలవారిని వేరే వరసలో అనుభవజ్ఞులే నేరుగా చూసి పంపే పద్ధతి వచ్చింది, ఎదురుచూపులు నిజంగానే తగ్గాయి. గడియారానికి కట్టుబడితే వచ్చే జబ్బులూ వచ్చాయి. నాలుగో గంట చివరి ఇరవై నిమిషాల్లో రోగుల కదలిక ఒక్కసారిగా ఎగసిందని 2005లో లెక్కలు చూపాయి. లక్ష్యాల వెంట పడి వైద్యాన్ని గాలికొదిలేసిన తీరును మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి ఉదంతంపై 2013 నాటి ఫ్రాన్సిస్ విచారణ ఎండగట్టింది. లక్ష్యం 2010లో 95 శాతానికి దిగింది, అదీ చివరిసారి అందింది 2015 జులైలో. 2009లో న్యూజిలాండ్ ఆరు గంటల గడువును, పశ్చిమ ఆస్ట్రేలియా నాలుగు గంటల గడువును పెట్టుకున్నాయి.

ఆలస్యానికి మూల్యం ఎంతో 2022లో ఇంగ్లండు అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. చేర్చుకోవాల్సిన రోగులు వచ్చాక ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటినా పడకకు చేరకపోతే, అలాంటి ప్రతి 82 మందికి ఒక మరణం అదనం.

భారతదేశంలో

ఇక్కడ ముందుగా బాగుపడింది రాకే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ పలు రాష్ట్రాలకు పాకింది. అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా భారత వైద్య మండలి గుర్తించింది 2009లో. ఆసుపత్రికి చేరడం సులువయింది కాని, చేరాక పడక ఉంటుందా అన్న ప్రశ్న అంతకు ఎంతో ముందే సుప్రీంకోర్టుకెక్కింది. 1992లో రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక వ్యవసాయ కూలీని పశ్చిమ బెంగాల్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి నుంచి మరోదానికి తిప్పారు. కొన్నిచోట్ల పడక లేదన్నారు, కొన్నిచోట్ల వసతి లేదన్నారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రే దిక్కయింది. 1996లో తీర్పు చెబుతూ కోర్టు, సకాలంలో వైద్యం అందకపోవడం జీవించే హక్కుకు భంగమని పేర్కొని పాతికవేల రూపాయల పరిహారం ఇప్పించింది. ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందో ఒకే చోట తెలిసే సమాచార వ్యవస్థ ఏర్పాటు చేయాలనీ ఆ తీర్పులోనే చెప్పింది.